తుమ్ములకు తిప్పతీగ, ముక్కు దిబ్బడకు పసుపు క్యాప్సూల్: రుజువు ఎంతుంది?

వానలు వెనక్కి తగ్గే రోజుల్లో హనుమకొండ చుట్టూ ఖాళీగా పడున్న ప్లాట్లన్నీ తెల్లటి చిన్న చిన్న పూలతో నిండిపోతాయి. దూరం నుంచి చూస్తే కొత్తిమీర మడి పూతకొచ్చిందా అనిపిస్తుంది. అది వయ్యారిభామ. 1950ల్లో పుణె దగ్గర కనపడి, ఆ తర్వాత దేశమంతా పాకిన కలుపు మొక్క. దాని పుప్పొడి గాలిలో కలిసిందంటే నాలాంటివాళ్ళకు తెల్లవారడమే తుమ్ములతో. ముక్కు నుంచి ధారగా నీళ్ళు, అంగిట్లో దురద, కళ్ళు ఎర్రబడటం, మధ్యాహ్నానికి తలంతా బరువు.

నేను ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్తాను. కాబట్టి స్టాఫ్ రూములో గానీ, పెళ్ళి భోజనాల దగ్గర గానీ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, ఈ అలర్జీకి గోళీలు కాకుండా మూలికలేమన్నా పనిచేస్తాయా?" మా అత్తమ్మ అయితే అడగదు, ఆర్డరేస్తుంది. "ఆ గోళీలు మింగుడు బంద్ పెట్టు బిడ్డా, పరగడుపున తిప్పతీగ కషాయం తాగు" అంటుంది. ఇంకోవైపు మా మరిది అమెరికాలోని ఆస్టిన్‌లో ఉంటాడు. అక్కడ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా జూనిపర్ చెట్ల పుప్పొడి పొగలా లేస్తుంది, 'సీడర్ ఫీవర్' అంటారు. వెళ్ళిన మొదటి రెండు మూడేళ్ళు ఏమీ కాని మనవాళ్ళు కూడా తర్వాత దాని బారిన పడుతున్నారు. అతను వచ్చినప్పుడల్లా బటర్‌బర్, నెటిల్, క్వెర్సెటిన్ అని సీసాలు తెచ్చి "ఇవన్నీ ప్లాంట్ బేస్డ్ వదినా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అని చేతిలో పెడతాడు.

నాకు మొక్కల మీద ప్రేమ ఉంది. అందుకే ఈ మాటను గాలికి వదిలేయలేకపోతున్నాను. ఒక్కో మొక్క మీద మనుషుల్లో చేసిన పరిశోధన ఏముందో వెతికి చదువుతూ వస్తున్నాను. చదివినదాంట్లో గట్టిగా చెప్పగలిగింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు చిన్న సంగతి. ముక్కు అలర్జీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. వారం విజృంభిస్తుంది, తర్వాత వారం దానంతటదే సద్దుమణుగుతుంది. వాన పడితే పుప్పొడి కిందికి దిగుతుంది, సీజన్ అయిపోతే తుమ్ములూ ఆగిపోతాయి. మనం మందు వెతికేది బాగా ముదిరినప్పుడే కదా. అప్పుడు ఏం తిన్నా, ఆ తర్వాత వచ్చే తగ్గుదల దాని ఖాతాలో పడుతుంది. అందుకే కొందరికి అసలు మూలిక, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి, ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ డాక్టరుకీ తెలియకుండా చేసిన పరీక్షనే నేను లెక్కలోకి తీసుకుంటాను. ఉత్తుత్తి బిళ్ళ తిన్నవాళ్ళలోనూ చాలామంది తగ్గిందనే చెప్తారు. మూలిక అంతకంటే ఎంత ఎక్కువ తగ్గించిందన్నదే చూడాలి.

తిప్పతీగతోనే మొదలుపెడతాను. దీని మీద నిజంగానే పరీక్ష జరిగింది. నాగ్‌పూర్ వైద్యులు ముక్కు అలర్జీ ఉన్న 75 మందిని తీసుకుని, కొందరికి తిప్పతీగ సారం, కొందరికి ఉత్తుత్తి బిళ్ళ 8 వారాలు ఇచ్చి, ఫలితాలు 2005లో ప్రచురించారు. తిప్పతీగ వాడినవాళ్ళలో 83 శాతం మందికి తుమ్ములు పూర్తిగా ఆగిపోయాయి, 69 శాతం మందికి ముక్కు కారడం, 61 శాతం మందికి దిబ్బడ పోయాయి. ముక్కులో దురద 71 శాతం మందికి పోయింది. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో చాలామందికి తేడా లేదు.

ఈ అంకెలు మొదటిసారి చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. తర్వాత అనుమానమూ వచ్చింది. అలర్జీకి ఇప్పుడున్న మంచి మందులు కూడా నూటికి ఎనభై మందికి తుమ్ముల్ని పూర్తిగా మాయం చేయవు. ఇంత పెద్ద ఫలితం ఇంత చిన్న పరీక్షలో వచ్చినప్పుడు దాన్ని ఇంకో ఊళ్ళో, ఇంకో బృందం, ఇంకా ఎక్కువమందితో చేసి చూడాలి. 75 మందిలో కనపడింది 750 మందిలో నిలబడాలి. మన వేపచెట్ల మీద పాకే తీగ ఇది, ఆ పని చేయాల్సింది మనమే. కరోనా కాలంలో ఇంటింటా తాగించడానికి చూపిన ఉత్సాహంలో కొంత ఆ పరీక్షకు పెట్టి ఉంటే ఈపాటికి ఏదో ఒకటి తేలేది. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

ఆ కరోనా రోజుల్లోనే తిప్పతీగ రెండో ముఖం బయటపడింది. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. మరుసటేడు దేశంలోని 13 వైద్య కేంద్రాల నుంచి 43 మంది వివరాలు వచ్చాయి. వీళ్ళలో చాలామందికి వచ్చింది, ఒంట్లోని రక్షణ వ్యవస్థే కాలేయం మీద తిరగబడే తరహా జబ్బు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమేననీ, దాన్ని పోలిన మరో జాతితో పొరపాటు పడే ప్రమాదం ఉందనీ చెప్పింది. తిప్పతీగ తాగిన కోట్లమందితో పోలిస్తే జబ్బుపడినవాళ్ళు కొద్దిమందే, నిజమే. కానీ ఆ కొద్దిమందిలో ముందునుంచే థైరాయిడ్ లాంటి జబ్బులున్నవాళ్ళు ఉన్నారు. మా అత్తమ్మకు థైరాయిడ్ ఉంది. నాకు ఆ ఒక్క సంగతి చాలు.

ఆ పొరపాటు ఎలా జరుగుతుందో తీగను చేతిలోకి తీసుకుంటే అర్థమవుతుంది. అసలు తిప్పతీగ ముదురు కాండం మీద కాగితంలాంటి పలచటి పొర ఉంటుంది. గోటితో గీరితే ఊడొస్తుంది, కింద పచ్చగా కనిపిస్తుంది. కొమ్మల నుంచి దారాల్లా ఊడలు కిందికి వేలాడతాయి. ఆకు నున్నగా, హృదయాకారంలో ఉంటుంది. అదే కుటుంబంలోని టినోస్పోరా క్రిస్పా ఆకూ హృదయాకారమే, చేదూ అంతే. కాకపోతే దాని కాండం నిండా పులిపిర్లలాంటి బొడిపెలుంటాయి, చెయ్యి వేస్తే గరగరా తగులుతాయి. ఆకు ఒక్కటి చూసి కోసుకొచ్చేవాళ్ళకి ఈ తేడా తెలియదు. ఎండబెట్టి పొడికొట్టి డబ్బాలో పోశాక మాకూ తెలియదు, మైక్రోస్కోపు ఉండాల్సిందే.

పసుపు సంగతి. 2016లో ప్రచురితమైన పరీక్షలో 241 మందికి రెండు నెలలు కర్క్యుమిన్ (పసుపులో పనిచేసే ముఖ్య పదార్థం) గానీ ఉత్తుత్తి బిళ్ళ గానీ ఇచ్చారు. కర్క్యుమిన్ వాడినవాళ్ళకు తుమ్ములు, కారడం, దిబ్బడ తగ్గాయి. ముక్కులోంచి గాలి ఎంత సులువుగా వెళ్తోందో పరికరంతో కొలిస్తే అదీ మెరుగైంది. మూలికల పరీక్షల్లో ఇది కాస్త పెద్దదే, ఆశ పెట్టుకోదగ్గదే.

కానీ ఇది చదివి రాత్రి పాలల్లో పసుపు వేసుకుంటే అదే ఫలితం వస్తుందనుకోవద్దు. పసుపులో కర్క్యుమిన్ నూటికి రెండు నుంచి ఐదు పాళ్ళే ఉంటుంది. చెంచాడు పసుపు, అంటే సుమారు మూడు గ్రాములు తీసుకుంటే అందులో కర్క్యుమిన్ వంద మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అదీ పేగుల్లోంచి రక్తంలోకి పెద్దగా వెళ్ళదు. మిరియాల్లోని పైపెరిన్ కలిపితే మాత్రం చాలా ఎక్కువగా వెళ్తుంది. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు 1998లో చేసిన ప్రయోగంలో మనుషుల్లో ఇది సుమారు 20 రెట్లు పెరిగింది. ఇప్పుడొచ్చే పసుపు క్యాప్సూళ్ళలో చాలావాటిలో పైపెరిన్ కలిపేది అందుకే.

అదే ఇబ్బంది కూడా. ఒంట్లోకి వెళ్ళే మోతాదు పెరిగితే దుష్ఫలితమూ పెరుగుతుంది. మందుల వల్ల కాలేయం దెబ్బతిన్నవాళ్ళ వివరాలు నమోదు చేసే అమెరికా వైద్యుల బృందం, పసుపు వల్ల అలా జరిగిన పదిమంది గురించి 2022లో రాసింది. ముగ్గురు వాడినదాంట్లో మిరియాల సారం కలిసి ఉంది. ఐదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పదిమందిలో ఏడుగురికి ఒకే రకం జన్యువు ఉంది. అంటే కొందరికి పుట్టుకతోనే ఈ ముప్పు ఉంటుంది, మనకు ఉందో లేదో తెలియదు. కూరలో వేసుకునే పసుపుతో దీనికి సంబంధం లేదు. చారులో పసుపు, మిరియాలు మన తాతల నాటి నుంచీ ఉన్నవే. పోపులపెట్టెలోని పసుపు వేరు, గాఢంగా తీసిన సారం నెలల తరబడి రోజూ మింగడం వేరు.

కలోంజీ, అంటే నల్ల జీలకర్ర నూనె మీద ఇరాన్‌లో 66 మందితో నెలరోజుల పరీక్ష జరిగింది. 2011లో అచ్చయింది. మొదటి రెండు వారాల్లోనే తుమ్ములు, దురద, కారడం తగ్గాయన్నారు. అల్లం సారాన్ని థాయ్‌లాండ్‌లో 80 మందికి, లోరాటడిన్ అనే అలర్జీ గోళీతో పోటీగా ఆరు వారాలు ఇచ్చి చూశారు. రెండూ సమానంగా పనిచేశాయని 2020లో రాశారు. వినడానికి బాగుంది గానీ అందులో ఉత్తుత్తి బిళ్ళ జట్టు లేదు. ఇద్దరికీ సమానంగా తగ్గిందంటే రెండూ పనిచేసి ఉండొచ్చు, సీజన్ దానంతటదే తగ్గి ఉండొచ్చు. ఏది నిజమో ఆ పరీక్ష చెప్పలేదు.

మరిది తెచ్చే సీసాల్లో అన్నిటికన్నా బలమైన రుజువున్నది బటర్‌బర్. ఇది యూరప్‌లో చెరువు గట్ల మీద, తేమ నేలల్లో పెరిగే మొక్క. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వ్యాసం దీన్ని పైకెత్తింది. స్విట్జర్లాండ్, జర్మనీల్లోని నాలుగు క్లినిక్కుల్లో 125 మందికి రెండు వారాలు బటర్‌బర్ గానీ సెట్రిజిన్ గానీ ఇస్తే రెండూ సమానమే అని తేలింది. ఇందులోనూ ఉత్తుత్తి బిళ్ళ జట్టు లేదు. తర్వాత 2005లో ఆ జట్టునీ కలిపి, ఫెక్సోఫెనడిన్ అనే ఇంకో అలర్జీ గోళీతో పోలుస్తూ 330 మందితో చేశారు, అందులోనూ నెగ్గింది. ఎలా పనిచేస్తుందో కూడా తెలుసు. ఇందులోని పెటాసిన్ అనే పదార్థాలు ముక్కులో వాపు తెచ్చే ల్యూకోట్రయీన్లను తగ్గిస్తాయి. మనకు డాక్టర్లు రాసే మాంటెలుకాస్ట్ అడ్డుకునేదీ ఈ ల్యూకోట్రయీన్లనే.

మరి వాడొచ్చు కదా అంటారా? ఆ మొక్కలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి, అవి కాలేయానికి విషం. పరీక్షల్లో వాడింది వాటిని ప్రత్యేక పద్ధతిలో తీసేసిన సారం. స్విట్జర్లాండ్‌లో దానికి మందుగా అనుమతి కూడా వచ్చింది. ఆన్‌లైన్‌లో దొరికే సీసాలో అంత శుభ్రంగా తీశారో లేదో చెప్పేవాళ్ళెవరు? అమెరికాలో 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లను అమ్మకానికి పెట్టేముందు పనిచేస్తాయనీ, హాని లేదనీ ప్రభుత్వానికి నిరూపించక్కర్లేదు. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2012లో కాలేయ సమస్యల కారణంగానే బటర్‌బర్ ఉత్పత్తుల్ని మార్కెట్టులోంచి తీయించింది. ఇంకో విషయం, బోటనీ చదివినవాళ్ళకు వెంటనే తడుతుంది. బటర్‌బర్, ఎకినేషియా, చామంతి టీ, అన్నీ పొద్దుతిరుగుడు కుటుంబంవే. మన వయ్యారిభామదీ అదే కుటుంబం. ఒకదానికి అలర్జీ ఉన్న ఒళ్ళు దాని చుట్టాలకూ ఎదురుతిరగొచ్చు. నా వరకు నేను ఆ సీసా మూత తీయలేదు.

నెటిల్ అంటే తాకితే మంట, దురద పుట్టించే మొక్క. దాని మీద 1990లో అమెరికాలో వారంరోజుల చిన్న పరీక్ష జరిగి కొంచెం మేలు కనపడింది. 2017లో ఇరాన్‌లో మళ్ళీ చేస్తే లక్షణాల్లో ఉత్తుత్తి బిళ్ళకూ దానికీ తేడా రాలేదు. ఉల్లిపాయ లాంటివాటిలో ఉండే క్వెర్సెటిన్ మీద ఉన్నవి కొద్దిపాటి పరీక్షలే, వాటి గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు.

మూలిక కాకపోయినా తేనె గురించి చెప్పాలి. "ఊళ్ళో పట్టిన తేనె తింటే ఊళ్ళోని పుప్పొడి అలవాటవుతుంది" అనే మాట హనుమకొండలోనూ ఉంది, ఆస్టిన్‌లోనూ ఉంది. 2002లో అమెరికాలోని కనెక్టికట్‌లో 36 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు స్థానిక తేనె, ఇంకో జట్టుకు వడకట్టిన కంపెనీ తేనె, మూడో జట్టుకు తేనె వాసన కలిపిన పాకం ఇచ్చారు. ఏ తేడా లేదు. కారణం ఇంటర్ పాఠంలోనే ఉంది. తేనెటీగలు వాలేవి రంగు, మకరందం ఉన్న పూల మీద. వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలిలో పెద్దగా ఎగరదు. ముక్కును ఎక్కువగా సతాయించేవి గడ్డిజాతులు, జూనిపర్‌లాంటి గాలివాటు పరాగసంపర్కం మొక్కలు. వాటి దగ్గర తేనెటీగకు మకరందం దొరకదు.

ఇక మన చూర్ణాలు. దగ్గుకూ జలుబుకూ ఎక్కువగా ఇచ్చే సితోపలాది చూర్ణం కొలతలు ఎప్పుడైనా చూశారా? పటికబెల్లం 16 పాళ్ళు, వెదురుప్పు 8, పిప్పళ్ళు 4, యాలకులు 2, దాల్చినచెక్క 1. అంటే సగానికి పైగా చక్కెరే. షుగర్ ఉన్న పెద్దవాళ్ళు రోజుకు మూడుసార్లు తేనెలో రంగరించుకుని తింటుంటే చూశాను, వాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. భార లోహాల భయం ఇంకొకటి. బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి తేలాయని 2004లో వచ్చింది. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో కొన్నవాటిలోనూ దాదాపు అదే నిష్పత్తి.

చేప ప్రసాదం గురించి కూడా అడుగుతారు. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి మింగిస్తారు, ఉబ్బసం ఉన్నవాళ్ళు రాష్ట్రాలు దాటి వస్తారు. ఆ ముద్దలో ఏముందో బత్తిని కుటుంబం బయటపెట్టదు. ఏముందో చెప్పనిదాన్ని ఇంకొకరు తయారుచేసి పరీక్షించలేరు. నమ్మకంతో వెళ్ళేవాళ్ళను నేను ఏమీ అనను, ఇన్‌హేలర్ మాత్రం జేబులో పెట్టుకుని వెళ్ళమంటాను.

ఇదంతా చదివి నేను మొక్కల్ని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. అడ్డసరం ఆకులోని వాసిసిన్ ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ వచ్చింది, దగ్గు సిరప్పుల్లో దాన్ని చూసే ఉంటారు. మధ్యధరా ప్రాంతంలో పెరిగే, సోంపును పోలిన అమ్మీ విస్నాగా మొక్కలోని ఖెల్లిన్ నుంచి రోజర్ ఆల్టూన్యన్ అనే వైద్యుడు 1960ల్లో క్రోమోగ్లైకేట్ అనే ఉబ్బసం మందు కనుక్కున్నాడు. ఆయనకే ఉబ్బసం. గినీ పందుల చర్మపు పొట్టు పీల్చి, తనకు తానే ఆయాసం తెప్పించుకుని, ఒక్కో మందూ తన మీదే పరీక్షించుకున్నాడు. అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ పుప్పొడే. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ రోగులకు ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. ఈనాటి అలర్జీ ఇంజెక్షన్లు, నాలుక కింద పెట్టుకునే బిళ్ళలు ఆ దారిలోంచి వచ్చినవే. అలర్జీ స్వభావాన్నే మార్చగలదని గట్టి రుజువున్న వైద్యం అది. ఏ పదార్థం, ఎంత, ఎన్నాళ్ళు, ఎవరికి అని ఓపిగ్గా తేల్చుకున్నారు కాబట్టే అవి మందులయ్యాయి. తిప్పతీగకూ, పసుపుకూ ఆ గౌరవం దక్కాలనే నా తపన.

అమెరికా ఈఎన్‌టీ నిపుణుల సంఘం 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూలికల విషయంలో ఏ సిఫారసూ చేయలేదు, వాడమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేని మాత్రం గట్టిగా సిఫారసు చేసింది. స్టెరాయిడ్ అనగానే మనవాళ్ళకు టెన్షన్. ఫ్లుటికసోన్ స్ప్రేలో రక్తంలోకి చేరేది నూటికి రెండు పాళ్ళ లోపే. నేను డాక్టరు చెప్పినట్టు సీజన్‌లో అదే వాడతాను. చాలామంది సరిగ్గా కొట్టుకోక "పనిచేయలేదు" అని పారేస్తారు. తల కాస్త ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమ చేత్తో కుడి ముక్కులోకి కొట్టుకోవాలి. అప్పుడు మందు మధ్య గోడకు తగలకుండా బయటి వైపు పడుతుంది, ముక్కు నుంచి రక్తం వచ్చే అవకాశం తగ్గుతుంది. కొట్టుకున్నాక గట్టిగా లోపలికి ఎగబీల్చొద్దు, మందు గొంతులోకి జారిపోతుంది. పూర్తి గుణం కనపడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఏడాది పొడుగునా తుమ్ములుండేవాళ్ళకు పుప్పొడి కంటే పరుపుల్లోని దుమ్ముపురుగులే ఎక్కువ కారణం. దుప్పట్లు, దిండు గలీబులు 55 డిగ్రీలు దాటిన వేడినీళ్ళలో ఉతికితే అవి చస్తాయి.

ఇంట్లో శొంఠి, మిరియాల కషాయం నేనూ తాగుతాను. గొంతుకు హాయిగా ఉంటుంది. అత్తమ్మ మాత్రం డాక్టరుతో మాట్లాడాక రోజూ తాగే తిప్పతీగ మానేసింది, లివర్ టెస్టు కూడా చేయించుకుంది, బాగానే ఉంది. మీకు థైరాయిడ్, కీళ్ళవాతం లాంటి జబ్బులుంటే, కాలేయం సమస్య ఉంటే, గర్భంతో ఉంటే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఏ సారం క్యాప్సూలైనా డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. ఇప్పటికే వాడుతుంటే, డబ్బా తీసుకెళ్ళి చూపించండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, తిండి సయించకపోయినా అదే రోజు ఆపేసి రక్తపరీక్ష చేయించుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఏ మూలిక మొదలుపెట్టినా ఇన్‌హేలర్ ఆపొద్దు. పిల్లికూతలతో ఊపిరి అందనప్పుడు స్టవ్ మీద కషాయం పెట్టకండి, ఇన్‌హేలర్ తీసుకుని ఆసుపత్రికి బయల్దేరండి.